నాయనమ్మ చూసిన ఉక్కునగరం

1

చిరంజీవి శ్రీదివ్యకి, నీ నాయనమ్మ అంజమ్మ ముందు దీవించి, ఆ వెంటనే కంగారుపడుతూ రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరూ క్షేమం. నేనూ క్షేమమే గానీ ఎన్నాళ్లో తెలియదు.

మీ హాస్టల్లో ఫోన్ ఉండనివ్వరు. ఆదివారం ఫోన్లో మాట్లాడదామంటే మీ నాన్న పక్కనే నిలబడి వింటాడు. ఇంటర్ అయ్యేదాకా బొమ్మల సినిమాలు బంద్ అని తాను నడిపే లారీ మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్న మనిషాయె. అందుకే నువ్వు చెప్పినట్టు ఈ సంగతంతా ఉత్తరాల్లోనే నడుపుతున్నాను. నువ్విచ్చిపోయిన ట్యాబ్ మిరపకాయల బస్తా వెనక దాచాను. ఆ జపాన్ బొమ్మల కథ, ఉక్కునగరం కొత్త భాగం నీ బదులు నేను చూసి, ఏం జరిగిందో రాయమన్నావు. నాలుగో తరగతితో ఆగిపోయిన దాన్ని, నాకు ఇంత పని పెట్టావు.

తెరిచి చూస్తే ఉక్కునగరం పేరుతో ఒకటి కాదు, బోలెడున్నాయి. ఏది ముందు నొక్కాలో తెలియక చిట్టచివరిది నొక్కాను. అందులో వాళ్లందరికీ ఒకరికొకరు తెలుసు, నాకే ఎవరూ తెలియదు. భోజనాలు లేచాక పెళ్లికి పోయినట్టుంది.

ఇంకో దిగులు. నా రెండు కళ్లల్లోనూ శుక్లాలున్నాయని, కుడిది బాగా ముదిరిందని నరసరావుపేట కంటి ఆసుపత్రి వాళ్లు తేల్చారు. మిరప కోతలయ్యాక వ్యాను పంపుతారంట. లోపలి పాత గాజు తీసి కొత్తది పెడతారంట. నా సంగతి నీకు తెలుసు కదా, కాయలు కోసి కోసి వేళ్ల గీతలు అరిగిపోయాయి. పింఛను యంత్రం నా వేలిని పట్టదు. సచివాలయం ప్రసన్నలక్ష్మి కంటికి ఎదురుగా ఏదో పెడితేనే అది నన్ను అంజమ్మ అని ఒప్పుకుంటుంది. ఉన్న ఆ ఒక్క సాక్ష్యాన్నీ మార్చేస్తే నేనెవరినని చెప్పుకోను?

ఇట్లు,
ఏది నొక్కాలో తెలియని నీ నాయనమ్మ

తా.క.: ఆ ఊళ్లో ఎప్పుడు చూసినా వానే. మన కాయలింకా కల్లంలో ఎండుతున్నాయి. అది ఆపేసి బయటికెళ్లి ఒకసారి మబ్బు చూసి వచ్చాను.

2

మా మంచి నాయనమ్మకి, గుంటూరు హాస్టల్ మూడో అంతస్తు నుంచి శ్రీదివ్య నమస్కరించి రాసేది.

చివరిది నొక్కొద్దు నాయనమ్మా! ముందు పాత సినిమా చూడు, నలుపూ నీలం బొమ్మది. తర్వాత మొదటి సీరియల్. ఎర్ర బొమ్మది వదిలెయ్. అదే మనుషులతో కథని మళ్లీ మొదటినుంచి వేరేగా చెప్పారు, కలిపి చూస్తే తికమక పడతావు. ఆ తర్వాతే కొత్తది. సౌండ్ తెలుగులోనే పెట్టి వచ్చాను, నువ్వేమీ మార్చక్కర్లేదు.

కథ ఇంతే. రాబోయే కాలంలో జపాన్‌లో ఒక పెద్ద నగరం. అక్కడ జనం చేతులు, కాళ్లు, కళ్లు అరిగిపోతే యంత్రాలవి పెట్టించుకుంటారు. గవర్నమెంట్ పేరుకే, నడిపేదంతా కంపెనీలు. ఇలాంటి కథల్ని సైబర్‌పంక్ అంటారు. మినామి అనే అమ్మాయి అక్కడ లిఫ్టులు రిపేరు చేస్తుంది. ఆమెకి ఒక చెయ్యి ఉక్కుది.

ఆపరేషన్‌కి భయపడకు. అరగంట పని. మా ఫిజిక్స్ సార్‌కి కూడా చేశారు, ఇప్పుడు వెనక బెంచీలో ఎవరు నిద్రపోతున్నారో కూడా కనిపెట్టేస్తున్నాడు.

నీ
శ్రీదివ్య

తా.క.: ఉత్తరాలు మా వార్డెన్ అన్నపూర్ణ మేడమ్ విప్పి చదివాకే ఇస్తుంది. ‘దాచాను’ అని రాయకు. ‘భద్రపరిచాను’ అని రాయి.

3

చిరంజీవి శ్రీదివ్యకి, దీవెనలతో పాటు ఒక చావు కబురు.

ట్యాబ్ భద్రపరిచి ఉన్నది. మీ అమ్మ బిందు ముందు గదిలో జాకెట్లు కుట్టుకునే వేళ వెనక వసారాలో కూర్చుని సినిమా చూశాను. మినామి పోయింది తల్లీ. ఆ బట్టతల మొగుడే చంపించాడు. మేడ పైభాగం ఆమె పేర రాసుందని వాడికి కడుపుమంట. రిపేరు చేస్తుంటే లిఫ్టు తాడు కోయించాడు. వాడిది మొదటినుంచీ ఆస్తి చూపే.

ఎవరైతేనేం, పడుచు పిల్ల కళ్లముందు పోయింది. తలమీద నీళ్లు పోసుకుని, ఆ పూట పొయ్యి ముట్టించొద్దన్నాను. “ఎవరు పోయారత్తా?” అని మీ అమ్మ అడిగింది. “దూరపోళ్లు” అన్నాను.

తెల్లారి సీరియల్ పెడితే ఆ పిల్ల నిక్షేపంలా లిఫ్టు ఎక్కుతోంది! బతికున్న దానికి నీళ్లు పోసుకున్నాను. ఈ పాపం ఎట్లా పోగొట్టుకోవాలి? పక్కింటి అమీనా బీని అడిగితే, “పోయింది అనుకున్నోళ్లకి ఆయుష్షు పెరుగుద్దిలే వదినా, దానికింత ఏడుపెందుకు” అంది. ఆమెకేం, ఆమె చూడలేదు.

ఇట్లు,
దూరపు చుట్టం పోయి మళ్లీ వచ్చిన నీ నాయనమ్మ

తా.క.: ఆ మొగుడు సీరియల్లో కూడా ఉన్నాడు. ఏమీ ఎరగనట్టు ఆమెకి టీ ఇస్తున్నాడు. తాగొద్దని అరిచాను. మీ అమ్మ కుట్టుమిషను ఆపి ఎవరితో మాట్లాడుతున్నానని అడిగింది.

4

నాయనమ్మకి, నవ్వు ఆపుకోలేని మనవరాలి నమస్కారాలు.

ఆ బట్టతలాయన ఆమె మొగుడు కాదు. ఆయన మనిషే కాదు, కంపెనీ పంపిన రోబో. టీ ఇవ్వడం ఆయన డ్యూటీ. తాడు తెగింది తుప్పు పట్టి. మినామి చావలేదు, ఆమె ఉక్కు చేతిలో కరెంటు అయిపోయింది, అంతే.

కానీ ఒక సంగతి. నీ ఉత్తరం భోజనాల క్యూలో చదివాను. బైపీసీ వాళ్లు, ఎంపీసీ వాళ్లు అంతా చుట్టూ మూగారు. నేను రెండుసార్లు చూసిన కథ నేను చెబితే ఎవరూ వినలేదు. నీదే అసలు కథ అంటున్నారు. మా గదిలో ఉండే నందిని అయితే, “రోబోకి అంత అసూయ ఎట్టా వస్తుందే, వాడు మొగుడే, నువ్వు సరిగ్గా చూళ్లా” అని నాతో పోట్లాడింది. ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది.

ఇక కొత్తది మొదలుపెట్టు. అది మాలో ఎవరూ చూడలేదు. అందరం నీ మీదే ఆధారపడి ఉన్నాం.

వ్యాను వచ్చే రోజు మాత్రం మర్చిపోకు.

నీ
శ్రీదివ్య

తా.క.: అన్నపూర్ణ మేడమ్ నన్ను ఆఫీసుకి పిలిచింది. తిడుతుందనుకున్నాను. తలుపేసి, ఆ బట్టతలాయనకి ముందే ఒక పెళ్లాం ఉందా అని అడిగింది.

5

చిరంజీవి శ్రీదివ్యకి, ఆసుపత్రికి పోని నీ నాయనమ్మ రాయునది.

పోలేదు. పోను. కారణం కొత్త భాగంలోనే ఉంది.

మినామికి చూపు మందగించింది. కంపెనీ వాళ్లు తీసుకుపోయి, పాత కళ్లు తీసి కొత్తవి పెట్టారు. అచ్చం మా ఆసుపత్రి వాళ్లు చెప్పినట్టే. కట్లు విప్పుకుని, ఎర్ర గొడుగేసుకుని, ఆ వానలో ఇంటికెళ్లింది. తలుపు పక్కన కంటిని చూసే యంత్రముంది. ఈ పిల్ల కన్ను పెట్టింది, అది తలుపు తీయలేదు. మళ్లీ పెట్టింది, మళ్లీ తీయలేదు. లోపలినుంచి తల్లి వచ్చి అద్దంలోంచి చూసి, “ఏమే, ఎవరివే నువ్వు? మా మినామి కళ్లు ఇట్టా ఉండవు, పో” అంది. కన్నతల్లి! ఇక ప్రసన్నలక్ష్మి యంత్రం ఏపాటిది?

వ్యాను హారన్ వినబడగానే అమీనా బీ ఇంట్లోకి పోయి బీరువాకీ గోడకీ మధ్యన నిలబడ్డాను. డ్రైవరు హనుమంతు పేరు పెట్టి పిలుస్తూ వీధి రెండు కొసలూ తిరిగాడు. మీ నాన్న ఊళ్లోనే ఉన్నాడు, ఖర్మ.

“ఏందమ్మా నువ్వు, చిన్నపిల్లలా దాక్కునేది? చూపు పోతే ఎవరు జవాబుదారీ?” అని మీ నాన్న అరిచాడు.

“చూపు పోతే అంజమ్మకి పోయిందంటారు. కన్ను మారిస్తే అంజమ్మే ఉండదు” అన్నాను.

వాడికి అర్థం కాలేదు. ఉక్కునగరం చూడలేదు కదా.

ఇట్లు,
ప్రస్తుతానికి అంజమ్మే అయిన నీ నాయనమ్మ

తా.క.: మినామి ఇంకా ఆ వానలోనే నిలబడి ఉంది. భాగం అక్కడ ఆపేశారు. బుద్ధిలేని వాళ్లు.

6

నాయనమ్మా, నీ కాళ్లకి మొక్కి, నీ మీద కోపంతో రాస్తున్నాను.

నాన్న ఆదివారం ఫోన్లో చెప్పాడు. శుక్లం ఇంకా ముదిరితే ఆపరేషన్ చేసినా చూపు దక్కకపోవచ్చని డాక్టర్ గారు అన్నారంట. నీకు కళ్లు పోతే అది నావల్లే. ఆ ట్యాబ్ నీకిచ్చింది నేను.

సరిగ్గా విను. ఇది బయాలజీ. యంత్రం చూసేది కంటిపాప చుట్టూ ఉండే గోధుమరంగు రింగుని. డాక్టర్ మార్చేది దాని వెనకాల ఉండే గాజుని. రింగు ముట్టుకోరు. మన ఇంటి కిటికీ అద్దం మారిస్తే ఇల్లు వేరేవాళ్లదైపోదు కదా? మినామికి గుడ్లు మొత్తం పీకి పెట్టారు, నీకు అలా కాదు. ఒకవేళ యంత్రం మొరాయించినా ప్రసన్నలక్ష్మి గారు నీ కంటి బొమ్మ అందులో మళ్లీ ఎక్కిస్తారు, కావాలంటే అడుగు.

వ్యాను మళ్లీ ఎప్పుడొస్తుందో హనుమంతు మామని కనుక్కో. ఈసారి ఎక్కకపోతే నేనే నాన్నకి ట్యాబ్ సంగతి చెప్పేస్తాను. నాకు ఎన్ని తన్నులు పడినా సరే.

నీ
శ్రీదివ్య

తా.క.: ఇంతకీ మినామి ఇంట్లోకి వెళ్లిందా లేదా? నందిని అన్నం తినడం లేదు.

తా.క. మళ్లీ: తెలుగు డబ్బింగ్ ఈసారి మన గుంటూరు వాళ్లెవరో చెప్పినట్టున్నారు. జపాన్ తల్లి ‘ఏమే’ అంటుందని నేనెప్పుడూ వినలేదు.

7

చిరంజీవి శ్రీదివ్యకి, బెదిరించినా దీవిస్తూ నీ నాయనమ్మ రాయునది.

ప్రసన్నలక్ష్మి దగ్గరికి వెళ్లాను. నువ్వు రాసిన గోధుమరంగు రింగు సంగతి చెప్పాను. “మీ మనవరాలు చెప్పింది నిజమే పెద్దమ్మా, ఊళ్లో ఎంతమంది చేయించుకోలా? అందరినీ గుర్తుపడతానే ఉంది” అంది. అందరినీ పడుతుంది. నన్ను పడుతుందా అనేది వేరే సంగతి. కిటికీ అద్దం మాట బాగానే ఉంది గానీ, యంత్రం నీ బయాలజీ చదవలేదు కదా.

అయినా వ్యాను ఎక్కుతున్నాను. నువ్వు బెదిరించావని కాదు.

తర్వాతి భాగం పెట్టాను. ఏమీ కనబడలేదు. మొహానికి ఆనించి చూశాను, దూరంగా పెట్టి చూశాను, కొంగుతో తుడిచాను. మసక. వాన ఉంది, ఎర్రగా గొడుగు ఉంది, అది తలుపో గోడో తెలియడం లేదు. ఆ పిల్ల లోపలికి పోయిందా? తడిసి చచ్చిందా? నాకు అన్నం సహించడం లేదు. అక్కడ పరాయి పిల్ల నందిని తినకుండా కూర్చుందంటే నాకు మరీ తలకొట్టేసినట్టుంది. ఆ తలుపు తెరిచారో లేదో చూడాలంటే నా కన్ను మార్చాలి. నా కన్ను మారిస్తే నాకు తలుపు తెరుస్తారో లేదో తెలియదు. చానా ఆలోచించాను. ముందు ఆ పిల్ల సంగతి తేలనీ, నా సంగతి తర్వాత.

నేను చెప్పులేసుకుంటుంటే మీ నాన్న, “నేను గట్టిగా అరిచా గాబట్టి దారికొచ్చింది” అని వీధంతా చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ.

ఇట్లు,
సంచి సర్దుకున్న నీ నాయనమ్మ

తా.క.: తిరిగొచ్చాక నన్ను గుర్తుపట్టడానికి అమీనా బీకి ఒక రహస్యపు మాట చెప్పి ఉంచాను. ఆ మాట చెప్పిన దాన్నే అంజమ్మ అనుకోవాలి. అదేంటో ఇక్కడ రాయను, మీ వార్డెన్ చదువుతుంది.

8

నాయనమ్మకి, మొత్తం మూడో అంతస్తు తరఫున నమస్కారాలు.

కన్ను ఎలా ఉంది? చుక్కల మందు వేళకి వేసుకుంటున్నావా? తలకి నీళ్లు పోసుకోకు, బరువులెత్తకు, డాక్టర్ సరేననేదాకా ట్యాబ్ ముట్టుకోకు. మేం ఆగుతాం. నందిని తింటోంది, కాకపోతే సణుగుతూ.

నీ
శ్రీదివ్య

తా.క.: అన్నపూర్ణ మేడమ్ కూడా నమస్కారాలు చెప్పమంది. ఆ రహస్యపు మాట తాను ఎవరికీ చెప్పదంట, ఉత్తరంలో రాయొచ్చంట.

9

చిరంజీవి శ్రీదివ్యకి, అంజమ్మగానే మిగిలిన నీ నాయనమ్మ రాయునది.

ఆపరేషన్ అయింది. కట్టు విప్పారు. ప్రసన్నలక్ష్మి యంత్రం పెట్టగానే అంజమ్మ అని చూపించింది. నమ్మకం కుదరక మళ్లీ పెట్టించాను. మళ్లీ అంజమ్మే. అమీనా బీ మాత్రం మాట చెప్పేదాకా గడప దాటనివ్వలేదు, మంచి మనిషి.

లోకం చానా వెలుతురుగా ఉంది. మీ నాన్న తల సగం నెరిసి ఉంది, ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదు.

డాక్టరు గారు సరేనన్నాక ట్యాబ్ తీశాను. ఆ భాగం మళ్లీ పెట్టాను. కొత్త కంటితో చూస్తే తలుపు లేదు శ్రీదివ్యా. అది కూల్‌డ్రింకులమ్మే డబ్బా. లోపలినుంచి చూసిన తల్లి, ఆ డబ్బా మీద అంటించిన బొమ్మ. ఎర్ర గొడుగు ఏదో కంపెనీ దీపం. మినామి అనుకున్నది వేరే ఎవడో మగవాడు. మినామి ఆ భాగంలోనే లేదు. వెనక్కిపోయి చూశాను, ఆమెకి కళ్లు మార్చనే లేదు, కారం పడ్డట్టుంది, కడుక్కుంది. బట్టతల వాడి మెడ వెనక ప్లగ్గు ఉంది. నువ్వన్నదే నిజం, వాడు రోబో.

మాటలు వినలేదా అని అడుగుతావు. మాటలెక్కడివి? పక్క గదిలో మీ అమ్మ ఉంటుంది కదా, మొదటిరోజే ట్యాబ్ నోరు నొక్కేశాను. ఈ గట్టు మీద నిలబడితే ఆ గట్టు మీద తగాదా ఎందుకొచ్చిందో మనకు తెలియదా ఏంది? వాళ్లు అరుస్తున్నది వినబడాలా? అట్లాగే చూశాను.

ఇప్పుడు అంతా స్పష్టంగా ఉంది. ఒకడు డబ్బాలో బిళ్ల వేశాడు, సీసా వచ్చింది, తాగాడు, వెళ్లిపోయాడు. దీనికోసమా నేను కన్ను కోయించుకుంది! మీ హాస్టల్ పిల్లలకి ఏమని రాయను?

తర్వాత కుడికన్ను చేత్తో మూసి, ఎడమ కంటితో చూశాను. అందులో శుక్లం ఇంకా అట్లాగే ఉంది. వాన వచ్చింది. గొడుగు వచ్చింది. తలుపు వచ్చింది. మినామి ఇంకా అక్కడే ఉంది, పాపం, నానిపోయి. చానాసేపు చూశాను. తల్లి తలుపు తీసింది. “కళ్లు మారితే మారినయిలేవే, లోపలికి రా, అన్నం చల్లారిపోద్ది” అంది.

నందినికి చెప్పు.

ఇట్లు,
నీ నాయనమ్మ అంజమ్మ

తా.క.: ఎడమ కంటికి వచ్చే నెల రమ్మన్నారు. ఈసారి దాక్కోను, వెళతాను. మీ వాళ్లు ఇంకేమన్నా చూసి పెట్టమంటే ఆలోపే రాయి. ఆ తర్వాత నాకేమీ కనబడదు.