ఎవరి బల్ల దగ్గర

నవంబర్ 9

ఫోస్కేతా, నా పిచ్చుకపిల్లా.

ఊరికే పిలిచాను. పలికేవాళ్ళు లేరని తెలుసు. ఇది ఉత్తరం కాదు. ఐదో తరగతితో బడి మానినదాన్ని, ఉత్తరాలు నాకు రావు. నోటితో అనుకుంటే ఒరెస్తె వింటాడు, విని బయటికి వెళ్ళిపోతాడు. మొగుడు వినకుండా ఉండాలనే రాస్తున్నాను.

ఇవాళ వెనీసు నుంచి మూడో కబురు వచ్చింది. సలూతె పండుగనాడు మాతకి కొవ్వొత్తి వెలిగించాక మా దగ్గరే భోంచేయండి అని. మొదటిది కాస్తెల్లో పేటలో వాండా. రెండోది రియాల్తో దగ్గర బ్రెసాన్. ఇవాళ్టిది మిసెరికోర్దియా గట్టు మీది నానె. ముగ్గురివీ హోటళ్ళే. మా సాంత్ ఎరాస్మో దీవిలో మేం పండించిన కూరలు బోటులో వేసుకుని ఆ ముగ్గురికీ ఇచ్చి వచ్చేది మా అమ్మాయి ఫోస్కా.

పండుగ ఇరవై ఒకటిన. అంతకు రెండు రోజుల ముందు, పందొమ్మిదిన, నా కూతురు పోయి ఏడాది.

పండుగనాడు మేం ఎప్పుడూ బయట తినలేదు. కొవ్వొత్తి వెలిగించి, లాంచీ ఎక్కి ఇంటికొచ్చి, నేను మూడు రోజులుగా ఉడికించిన కాస్త్రదీనా తినేవాళ్ళం. ఎండబెట్టి పొగబెట్టిన పొట్టేలు మాంసం, అందులో మా తోట క్యాబేజీ. ఈ ఏడు వండలేను. క్యాబేజీ మీద కత్తి పెట్టలేను. తోటలో వరసలన్నీ కోయకుండానే ఉన్నాయి. కొన్ని పగిలిపోయాయి.

ముగ్గురూ పిలిచారు. ఉన్నది ఒక్క పూట.

నవంబర్ 10

ఎక్కడ తిందాం అని ఒరెస్తెని అడిగాను. నీ ఇష్టం అన్నాడు. నీ ఇష్టం కూడా చెప్పవయ్యా అంటే, ఆ రోజు నడుము పట్టేయకపోతే బోటు వేసుకుని నేనే వెళ్ళేవాణ్ణి, నాకు ఇష్టాలేమిటే అని లేచిపోయాడు. ప్లేటులో సగం అలాగే ఉంది.

ఏడాదిగా ఇదే మాట. నా నడుము, నా నడుము. ఓదార్చే ఓపిక నాకు లేదు.

నవంబర్ 12, ఉదయం 6

పోయిన ఏడు పందొమ్మిదిన, ఇదే గంటకి. ఆ పొద్దున ఇంటి చుట్టూ పొగమంచు. హోటళ్ళలో పండుగ మాంసం పొయ్యి మీదికి ఎక్కేసింది, క్యాబేజీలు అందాలి. ముందురోజు సాయంత్రమే ఫోస్కా బోటు నింపి పెట్టింది. నడవలో బూట్లు వేసుకుంటుంటే ఫోన్ మోగింది. మాట్లాడింది, నవ్వింది. నన్నేదో అడిగింది. పొద్దున్నే అడిగేవి ఎన్నో ఉంటాయి, నేనూ ఏదో అన్నాను. తలుపు వేసుకుని వెళ్ళింది.

బోటు కాలువ దారి గుర్తుకి నీళ్ళలో పాతిన కొయ్యలకి గుద్దుకుంది. లాంచీవాళ్ళకి ముందు క్యాబేజీలు కనబడ్డాయి. నీళ్ళ మీద తేలుతూ. ఆ తర్వాత చాలాసేపటికి ఫోస్కా.

ఫోన్ బోటుతోపాటే పోయింది. ప్రమాదం అని పోలీసులు కాగితం మీద రాసేశారు. ఫోన్ ఎవరు చేశారో ఎవరూ అడగలేదు. నేను అడుగుతాను. త్వరగా తే అని తొందరపెట్టిన మనిషి ఈ ముగ్గురిలోనే ఉంటాడు. అంత పొద్దున్నే ఫోన్ చేసేది వీళ్ళే.

మా అమ్మ అంటుండేది. చంపినవాడు చచ్చినవాళ్ళ తల్లి ఎదుట కూర్చుని ముద్ద మింగలేడు అని. ముగ్గురి దగ్గరా ముందే ఒకసారి తింటాను. నాతో కూర్చోమంటాను. వాళ్ళ నోళ్ళు చూస్తాను. ఎవడి గొంతు దిగదో వాడే.

వాడి బల్ల దగ్గర మాత్రం పండుగ పూట తినను. జన్మలో తినను.

నవంబర్ 13

బ్రెసాన్ దగ్గరికి వెళ్ళాను. నాకు మొదటినుంచీ వాడి మీదే అనుమానం. గుమ్మంలో నిలబడి టూరిస్టులని చొక్కా పట్టుకుని లాగే రకం.

వడ్డించేవాడు నన్ను చూసి బొమ్మల మెనూ చేతిలో పెట్టాడు. ఏ దేశం మేడమ్ అన్నాడు. సాంత్ ఎరాస్మో దేశం, అరగంట లాంచీ ప్రయాణం అన్నాను. అప్పుడు బ్రెసాన్ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఒరేయ్ గుడ్డిసన్నాసీ, ఆవిడకి బొమ్మలు చూపిస్తావా, ఆవిడ తోటలోదేరా నువ్వు ఇన్నేళ్ళూ వడ్డించింది అని వాడి తల మీద మెనూతో ఒకటిచ్చాడు.

నాతో కూర్చుని తినండి అన్నాను. కూర్చున్నాడు. వేయించిన సార్దీన్లు, పుల్లటి ఉల్లిపాయలు. తిన్నాడు. నేను వాడి గొంతే చూస్తున్నాను. రొట్టెముక్కతో ప్లేటు తుడిచి మరీ తిన్నాడు.

ఆ రోజు ఫోన్ చేశారా అని అడిగేశాను. నేనెందుకు చేస్తానమ్మా, నా సరుకు పదహారునే వచ్చేసింది అన్నాడు. మీ అమ్మాయి ఈ గుమ్మంలోనే నిలబడి నన్ను దొంగ అనేది, ముసలి పీత అనేది, నలుగురూ వినేట్టు తిట్టేదమ్మా అన్నాడు. ఇప్పుడు నన్ను తిట్టే మనిషే లేదు, అందరూ అయ్యా అయ్యా అంటున్నారు అన్నాడు.

వాడు కాదు. లాంచీలో ఏడ్చాను. వాడు కానందుకు ఏడ్చాను.

నవంబర్ 14

వాన. ఎక్కడికీ వెళ్ళలేదు. క్యాబేజీ ఇంకోటి పగిలింది.

నవంబర్ 15

వాండా. ఈవిడకి డెబ్బై దాటాయి. వంటింట్లోంచి అరిస్తే వీధి చివర వినబడుతుంది. నన్ను చూడగానే, ఒసే ఎల్దా, చీపురుపుల్లలా అయ్యావేమే, గాలొస్తే ఎగిరి కాలువలో పడతావు అంది. అనేసి నాలిక కరుచుకుంది. కాలువ అన్నందుకు.

బీన్స్ చారు పోసింది, తనూ పోసుకుంది. ఏడుస్తూ తింది, తింటూ ఏడ్చింది. రెండుసార్లు పోసుకుంది. నేను చెంచా ముట్టలేదు.

కాసేపు చూసి, ఇదిగో, నువ్వు తినడానికి రాలేదు, నా నోరు చూడ్డానికి వచ్చావు అంది. సిగ్గేసింది. చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. పోయిన నవంబరంతా మోకాలు కోయించుకుని ఆసుపత్రిలో పడున్నానే, ఈ తలుపులకి తాళం, కావాలంటే ఎదురింటి చాకలిదాన్ని అడుగు అంది.

బయటికి వస్తుంటే గుమ్మం దాకా కుంటుకుంటూ వచ్చింది. తప్పెవరిదో తెలిస్తే నీకు ఆకలేస్తుందా ఎల్దా అంది.

వేస్తుంది అన్నాను.

ఇక మిగిలింది నానె. ఫోస్కాతో కలిసి తెడ్లు వేసినవాడు, పడవ పందేలకి పక్కనే నిలబడి అరిచినవాడు. అంత్యక్రియలకి వచ్చి అందరికంటే వెనక నిలబడ్డాడు. ఆ తర్వాత మా రేవులో అడుగు పెట్టలేదు. ఇప్పుడు అర్థమైంది ఎందుకో.

నవంబర్ 17

రాయాలో వద్దో తెలియడం లేదు. రాస్తున్నాను.

మధ్యాహ్నం నానె దగ్గరికి వెళ్ళాను. నిలబడి తాగేవాళ్ళతో గది నిండి ఉంది. నానె అందరితో హాస్యాలాడుతున్నాడు. గ్లాసు చిన్నదైందేమిటిరా అని ఒక ముసలాయన అడిగితే, గ్లాసు అదే మామా, నీ నోరు పెద్దదైంది అంటున్నాడు. నన్ను చూసి మాట మధ్యలో ఆపేశాడు.

మూల బల్ల తుడిచి కూర్చోబెట్టాడు. మొక్కజొన్న సంకటి, దాని మీద గిలక్కొట్టిన ఎండుచేప. పెట్టి నిలబడ్డాడు. కూర్చో అన్నాను. జనం ఉన్నారు ఎల్దమ్మా అన్నాడు. ఉంటే ఉండనీ, నాతో కూర్చుని తిను అన్నాను. కూర్చున్నాడు. ఫోర్కు తీశాడు. సంకటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు, నమిలాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతిగుడ్డలో ఉమ్మేశాడు.

దొరికాడు. నువ్వేనా ఫోన్ చేసింది అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, తాగేవాళ్ళు ఇటు తిరిగారు.

నేనే అన్నాడు.

ఇంకేం చెప్పొద్దు అని లేచాను. నా చెయ్యి పట్టుకున్నాడు. రావద్దని చేశానమ్మా అన్నాడు. ఇక్కడ గట్టు మీంచి నీళ్ళే కనబడటం లేదు, వెళ్ళి పడుకో, క్యాబేజీ రేపు తెద్దువుగానీ, లేకపోతే గడ్డి కోసి వేస్తా, టూరిస్టులకేం తెలుస్తుంది అన్నాను, నవ్వింది అన్నాడు. ఉండు, అమ్మని అడుగుతా అందట.

అడిగిందా అన్నాను.

అడిగింది. మీ గొంతు వినబడింది ఎల్దమ్మా.

ఏమన్నాను అన్నాను. తుడిచిన బల్లే మళ్ళీ తుడిచాడు. మళ్ళీ అడిగాను. తల దించుకుని చెప్పాడు. బురానో గంట బాగా వినబడుతోంది, మంచు పలచనే, నువ్వు చేరేలోగా తేలిపోతుంది, వెళ్ళిరా అన్నారు అన్నాడు.

అన్నాను.

చలికాలంలో ప్రతి పొద్దునా అనే మాటే అది, పక్క దీవి బురానో చర్చి గంట వినబడితే మంచు పలచన అని. మా అమ్మ మా నాన్నతో అనేది. మఫ్లర్ కట్టుకో అన్నట్టు అనేస్తాం. ఆ రోజు నేను కిటికీ వైపు కూడా తిరగలేదు. చేతులు పిండిలో ఉన్నాయి. గంట వినబడిందో లేదో ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రావడం లేదు. వినకుండానే అన్నానేమో. అలవాటుకొద్దీ అన్నానేమో.

ఇది మీకు తెలియకూడదనే మీ రేవుకి రాలేదమ్మా, వస్తే నా మొహం చూసి కనిపెట్టేస్తారు అన్నాడు. మరి భోజనానికెందుకు పిలిచావురా అన్నాను. అందరూ పిలిచాక నేనొక్కణ్ణే పిలవకపోయినా కనిపెట్టేస్తారు కదా అన్నాడు.

నా ప్లేటు నా ముందే ఉంది. తినమ్మా, కొంచెం తిను అని వాడు బతిమాలాడు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. దిగలేదు.

మా అమ్మ చెప్పింది నిజమే.

నవంబర్ 18

నన్నే అడిగింది. నేనే పంపాను.

నవంబర్ 19

ఏడాది పూజ అయింది. చర్చి నిండా దీవి జనం. పూజ అయ్యాక ఫాదర్ ఒరెస్తె భుజం మీద చెయ్యి వేస్తే, నేను వెళ్ళాల్సిన ట్రిప్పు ఫాదర్, నా నడుము ఫాదర్ అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఒక్క మాట చెబితే చాలు, ఈ మనిషి మెడ మీంచి బండ దిగుతుంది. ఆ బండ నా మెడకి ఎక్కుతుంది, అది ఎలాగూ ఎక్కింది. దానికి భయం లేదు. చెప్పాక ఈయన నావైపు చూస్తాడు కదా. ఆ చూపుకి భయం. ఇంట్లో మిగిలింది ఇద్దరమే. ఆయన కూడా నన్ను అలా చూస్తే ఈ ఇంట్లో నేను ఏ గదిలో కూర్చోను?

ఎవరింట్లో తిందామో వాళ్ళకి కబురు చెప్పాలి, ఆలోచించావా అని సాయంత్రం ఆయనే అడిగాడు. రేపు చెప్తాను అన్నాను.

నవంబర్ 20, సాయంత్రం 4

చెప్పాను.

తోటలో, క్యాబేజీ వరసల మధ్య. పగిలినవాటిని ఆయన కాలితో పక్కకి నెడుతున్నాడు. ముఖం చూడకుండా ఆయన వీపుకేసి చూస్తూ చెప్పాను. నానె వద్దన్నాడనీ, అది నన్ను అడిగిందనీ, గంట వినబడుతోంది వెళ్ళమన్నాననీ. నీ నడుము కాదయ్యా, నా నోరు అన్నాను.

తెలుసు అన్నాడు.

ఏం తెలుసు అన్నాను. విన్నాను, గది తలుపు తీసే ఉంది కదా అన్నాడు. ఆ రోజే విన్నాను అన్నాడు.

ఏడాది పొడుగునా విని, తెలిసి, నా నడుము నా నడుము అంటూ తిరిగాడు. ఎందుకయ్యా అంటే పగిలిన క్యాబేజీ ఇంకోటి పక్కకి నెట్టాడు. తర్వాత అన్నాడు. నాకు గంట వినబడలేదే ఎల్దా. మంచం మీద చెవులు రిక్కించుకుని ఉన్నాను, వినబడలేదు. నీకు వినబడిందేమోలే, నువ్వు కిటికీ దగ్గరున్నావు కదా అనుకున్నాను. ఒక్క కేక వేస్తే ఆగేది. వేయలేదు. నిన్ను అనడానికి నాకేం నోరుంది అన్నాడు.

ఇద్దరం అక్కడే నిలబడ్డాం. ఒకరినొకరు పట్టుకోలేదు. పట్టుకుంటే బాగుండేదని ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది. అప్పుడు అనిపించలేదు. చేతులు ఉన్నాయనే గుర్తులేదు.

బూట్లకి అంటిన మట్టి గీకుకుంటూ, ఇక ఎక్కడ తినాలో ఆలోచించడానికేముంది అన్నాడు. దాన్ని రావద్దన్నవాడు లోకంలో ఒక్కడున్నాడు. వాడి దగ్గర తిందాం అన్నాడు.

నవంబర్ 21

కొవ్వొత్తి వెలిగించాం. నానె దగ్గరికి వెళ్ళాం. కాస్త్రదీనా పెట్టాడు. ఒరెస్తె తన ప్లేటు ఖాళీ చేశాడు. నేను చెంచా పట్టుకుని కూర్చున్నాను. ఆయన ఏమీ అనకుండా నా ప్లేటు తనవైపు లాక్కుని అది కూడా తినేశాడు. తింటున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు.

ఈ పుస్తకం ఎవరి చేతికి వచ్చినా సరే, మా మీద జాలి పడొద్దు. లేచి వెళ్ళి కడుపునిండా అన్నం తినండి.