గది దాటిన మాట

నాగరత్న మేడమ్ గారికి,

నేను ప్రతి మంగళవారం కేజీఎఫ్ నుంచి కోలారులో మీ దగ్గరికి కౌన్సెలింగ్‌కు వచ్చే మనిషిని. రెండు నెలలు మీ ముందు నోరు విప్పలేదు. "ఈడ చెప్పింది ఈ రూము దాటి పోదమ్మా" అని మీరు నా చెయ్యి పట్టుకున్నాకే, నా భర్త జోయెల్ అంటే ఎంత భయమో చెప్పాను. గౌనిపల్లిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోవాలనుకున్న సంగతీ మీ ఒక్కరికే చెప్పాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆయన నవ్వుతూ అడిగాడు. "ఏమ్మే, గౌనిపల్లికి పోవాలని ఉండాదంట నీకు? మీ మేడమే చెప్పింది. ఇంగ నేనంటే భయమెందుకు?"

మీతో ఎంతో మర్యాదగా మాట్లాడి ఉంటాడు. మీరు నమ్మారు. నేనూ అలాగే నమ్మి పెళ్ళి చేసుకున్నాను.

ఇప్పుడు నా ఫోన్ ఆయన దగ్గరుంది. నరసాపురం ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోతూ బయట తాళం వేస్తున్నాడు. ఈ ఉత్తరాన్ని కిటికీలోంచి మీకు చేర్చమని పక్కింటి ఎస్తరమ్మకు ఇస్తున్నాను.

ఈ మంగళవారం ఆయన కూడా వచ్చి నా పక్కనే కూర్చుంటాడు. అంతా బాగుందని, ఇంక రానక్కర్లేదని నేను మీతో చెబుతాను. నవ్వుతూనే చెబుతాను.

ఆ మాట నమ్మకండి. నన్ను ఆయనతో తిరిగి పంపకండి.

ఇట్లు,
మీ పేషెంటు