స్టవ్ వెలిగించడం మినహా

ఏమండీ,

కాలేజీ తరఫున మానవ హక్కుల చట్టం వాదన పోటీకి నేను వెళ్తే ఐదు రోజులు వంటెవరు చేస్తారన్న మన తగవు తేలకముందే ఇవాళ కాలేజీ బస్సు టైమైపోయింది. అత్తయ్యగారు తినగానే బీపీ మాత్ర ఇవ్వండి. వాన రాకముందే ఆరేసిన బట్టలు తీయండి.

నేను లా కాలేజీలో చేరినప్పుడు, క్లాసులున్న రోజుల్లో వంట మీదేనని కాగితం మీద సంతకం పెట్టారు. అది ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. మొన్న చూస్తే దాని కింద పెన్సిలుతో "స్టవ్ వెలిగించడం మినహా" అని చేర్చారు. ఎంత తెలివండీ! అంతర్జాతీయ ఒప్పందంలో చేరిన దేశం కూడా, దాని ఉద్దేశాన్నే చెడగొట్టే షరతు పెడితే ఆ షరతు చెల్లదు. క్లాసులో మీ ఉదాహరణే చెప్పాను. "మీ ఆయన ఏ దేశమమ్మా?" అని మేడం పడీపడీ నవ్వారు.

నా పుస్తకాలన్నిటికీ అట్టలు వేసిపెట్టింది మీరేనని మాత్రం చెప్పలేదు. చెబితే నా వాదన బలహీనపడుతుంది.

అన్నట్టు, ఈ కింది ముక్క భోజనాల దగ్గర అత్తయ్యగారికీ పిల్లలకీ గట్టిగా చదివి వినిపించండి: "సోమవారం పోటీకి బయల్దేరుతున్నాను. పేరు నిన్ననే ఇచ్చేశాను."