జానీ యాపిల్‌సీడ్ వేషంలో నేను చల్లిన గింజల విషయము

వెర్రిబీ,
27 జనవరి 2000.

జిల్లా కలుపు మొక్కల నివారణాధికారి గారి సముఖమునకు, వెర్రిబీ కాపురస్థుడు, కాంట్రాక్టు ప్రోగ్రామరు విఠల్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా కంపెనీ వెనుక కాలువ గట్టున పూతకొచ్చిన వయ్యారిభామ మొక్కలను సోమవారం లోపల తీయించుట గురించి.

తమ కార్యాలయపు కరపత్రంలో ఎవరి భాషలో వారు రాయవచ్చునని పదమూడు భాషల్లో అచ్చు వేశారు. అందులో తెలుగు లేదు. ఇంగ్లీషులో మొదలుపెట్టిన మూడు కాగితాలూ 'ఐ రిగ్రెట్' దగ్గరే ఆగిపోయినందున, తెలుగులోనే రాసుకుంటున్నాను. దయచేసి చదవగలవారి చేత చదివించుకోగలరు.

1. మా డైరెక్టరు గారు అమెరికన్ దేశస్థులు. వారి దేశంలో, కొత్తగా జనం వలసపోతున్న అడవి ప్రాంతాల్లో, జానీ యాపిల్‌సీడ్ అనే మహానుభావుడు వట్టి కాళ్ళతో, నెత్తిన వంట గిన్నె బోర్లించుకుని, ఆపిల్ విత్తనాలు నాటుతూ తిరిగాడట. ఆయన పుట్టినరోజు ఆదివారం పడినందున, ముందుగానే గత సెప్టెంబరు 24వ తేదీ శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు వెనుక బార్బెక్యూ పెట్టి ఉత్సవం జరిపించారు. తేదీ మారగానే కంప్యూటర్లు తప్పులు చేస్తాయన్న 2000 సంవత్సరం గండం దగ్గర పడి అందరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయని, కాస్త నవ్వించాలని వారి ఉద్దేశము.

2. వేషం నాకు పడినది. నేను బి.ఎస్సీ. అగ్రికల్చర్ చదివి, ఉద్యోగం దొరకక, అమీర్‌పేటలో ఆరు నెలల్లో కోబాల్ ప్రోగ్రామింగు నేర్చుకుని ఇక్కడికి వచ్చినవాడను. నా బయోడేటాలో అగ్రికల్చర్ అన్న మాట చూసి డైరెక్టరు గారు "మన రైతు ఇతనే!" అని నెత్తిన అల్యూమినియం గిన్నె పెట్టేశారు. విత్తనాలకు బదులు చల్లమని రంగు కాగితం ముక్కల సంచి ఇచ్చారు.

3. ఇక్కడనే నా బుద్ధి గడ్డి తిన్నది. ఉత్త సంచి ఊపుతూ విత్తనం వేసినట్టు నటించడం మా ఇంటా వంటా లేదు. మా నాయన చూస్తే చెంప పగలగొట్టేవాడు. అందుచేత ఇంట్లో గృహప్రవేశానికి పాలికలు పోయగా మిగిలిన నవధాన్యాల మూట పట్టుకెళ్ళి, కంది, పెసర, ఉలవ, నువ్వులు అన్నీ కాలువ గట్టు పొడుగునా పిడికిళ్ళతో చల్లితిని. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చాలా సంతోషమైనది. ఈ దేశానికి వచ్చాక నేను చేతులారా చేసిన మొదటి వ్యవసాయం అదే.

4. సదరు మూటను గత మే నెలలో హైదరాబాదు నుండి తెచ్చినది నేనే. విమానంలో ఇచ్చిన కస్టమ్స్ కార్డుపై గింజలు లేవని టిక్కు పెట్టినదీ నేనే. నా భార్య వసుంధరకు ఇందులో ఏ సంబంధమూ లేదు. ఈ సంగతి ప్రత్యేకముగా గమనించగలరు.

5. నవంబరులో కందీ పెసరా మొలిచి, చలిగాలికి మాడిపోయినవి. వాటి నడుమ క్యారట్ ఆకు వంటి ఆకుతో నాలుగు మొక్కలు మాత్రం నిలిచినవి. చూడగానే గుర్తుపట్టితిని. మా మహబూబ్‌నగర్ బీళ్ళను మింగిన కలుపు అది, దాని గింజ నవధాన్యాల్లో కలిసి వచ్చినది. పీకితిని. క్రిస్మస్ నాటికి గట్టు మీద నలభై ఉన్నవి, నిన్నటికి కంచె అవతల కాలీఫ్లవర్ పొలంలో కూడా తెల్లగా పూచి ఉన్నవి. నేను చదువుకున్న చదువు ప్రకారము ఒక్కొక్క మొక్క పదిహేను వేల విత్తనాలు రాల్చును. వెర్రిబీ లైబ్రరీలో ఆ మహానుభావుడి జీవితచరిత్ర తీసి చదివితే, ఔషధమని ఆయన నాటిన మరొక మొక్క కూడా కలుపై రైతులను ఏడిపించినదని ఉన్నది. ఆ సంగతి ఉత్సవం రోజున ఎవరూ చెప్పలేదు.

6. డైరెక్టరు గారికి విన్నవించితిని. "రెండువేల సంవత్సరం వస్తేనే ఏమీ కాలేదు, గడ్డితో ఏమవుతుంది?" అని భుజం తట్టి పంపించారు.

7. ఆ పొలం పాస్క్వాలే అను ఇటాలియన్ ముసలాయనది. మొక్కలను అడవి క్యారట్ అనుకుని వట్టి చేతులతో పీకుతున్నాడు. ఆయన చేతులు మోచేతుల దాకా పుండ్లు పడినవి. డాక్టరు ఇక్కడి జనవరి ఎండకు చర్మం కమిలిందని పూత మందు ఇచ్చాడట. "ఎండ నాకు కొత్తా? డెబ్బై ఏళ్ళ నుంచీ ఎండలోనే ఉన్నాను," అని నాతో నవ్వుతూ చెబుతుంటే, నా రెండు చేతులూ జేబుల్లో దాచుకుని నిలబడ్డాను. నావీ అలాగే ఉన్నవి. అయ్యా, నేను ఆ క్షణాన ఆయనకు నిజం చెప్పలేదు. అంతకంటే నీచమైన పని నా జన్మలో చేయలేదు.

8. వచ్చే సోమవారం ట్రాక్టరు పెట్టి ఆ మడి దున్నిస్తానన్నాడు. దున్నితే విత్తనం పొలమంతా కలియును. చక్రాలకు అంటుకుని పక్క పొలాలకూ పోవును.

9. తమ టెలిఫోను లైనుకు మూడు మార్లు చేసి, ఎవరో ఎత్తగానే పెట్టేసినది నేనే. మా పర్మనెంట్ రెసిడెన్సీ ఫైలు వచ్చే నెల నిర్ణయానికి వచ్చును. "గిప్పుడు పొయ్యి నేనే చల్లిన అని చెప్తవా? వాపస్ పంపిస్తే ఏం చేస్తం? నీకు దిమాక్ ఉందా?" అని వసుంధర అడిగింది. భయంగా ఉన్నది. ఫైలు కంటే ఆ తెల్లపూలను చూస్తేనే ఎక్కువ భయంగా ఉన్నది.

కావున తాము చిత్తగించి, సోమవారం తెల్లవారేలోగా మనుషులను పంపి, ముందుగా ఆ ముసలాయన చేతులకు తొడుగులు ఇప్పించి, మొక్కలు తీయించగలరు. తరువాత నా మీద ఏ చర్య తీసుకున్నా శిరసావహించగలను.

విధేయుడనని చెప్పుకునే అర్హత ఇంకా ఉంటే,
తమ విధేయుడు,
విఠల్

తా.క.

అయ్యా, కవరు అంటించమని ఈయన నా చేతికిచ్చారు. చదివాను. నాలుగో నంబరు అబద్ధం. మూట తెచ్చింది నేను, మా అమ్మ కట్టి ఇచ్చింది. కార్డు మీద టిక్కు పెట్టింది కూడా నేనే, నా పాస్‌పోర్టు నంబరు వెనక పేజీలో రాశాను.

ఈయనకు తెలియనిది ఇంకొకటి ఉంది. ఇక్కడ నవధాన్యాలు దొరకవని, ఎవరి ఇంట్లో శుభకార్యమైనా నన్నే అడుగుతారు. ఆ మూటలోంచి ఏడు ఇళ్ళకు దోసెడేసి పొట్లాలు కట్టి ఇచ్చాను. క్లేటన్‌లో రెండు, అడిలైడ్‌లో ఒకటి, సిడ్నీలో నాలుగు. పాలికలు మొలిచాక నీళ్ళలో కలపాలి కదా, అందరూ దగ్గర్లో ఉన్న వాగుల్లోనే కలిపారట. ఈ ఉదయం అందరికీ ఫోన్ చేశాను. ఆరుగురు వెళ్ళి చూసొస్తామన్నారు.

ఏడో ఇల్లు సిడ్నీలో జయశ్రీ వాళ్ళది. ఆమె సంతోషపడిపోయింది. "గా తెల్లపూల చెట్టే కదక్కా? మస్తు పెరిగింది. ముద్దుగున్నయని మొన్న సండే గుడి కాడ అందరికీ విత్తనాలు పంచిన," అన్నది.

ఏడు అడ్రసులూ వెనక పేజీలో ఉన్నాయి. గుడికి ఎవరెవరు వచ్చారో ఆమెకు గుర్తు లేదట.

వసుంధర