తాళం ఎరగని తలుపు

అత్తా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. బతికుండగానే నీకు అచ్చరం ముక్క రాదు, ఇప్పుడు సదువుతావని రాయడం లేదు. ఈ మాట నీకు సెప్పకుండా ఇల్లు కదలలేను.

నీ తర్వాత మన వీధి కాన్పులన్నీ నేనే సేస్తాండా. జర్మనీ యుద్ధం ముగిసినాక సర్కారోళ్లు కొత్త రూలు తెచ్చినారు. పట్టా లేని మంత్రసాని తిరుపతిలో కాన్పు సెయ్యకూడదని మొన్న దండోరా ఏసినారు. పట్టా కావాలంటే మూడు నెలలు ఆస్పత్రిలోనే ఉండి నేర్సుకోవాలంట.

"ఈ వయసులో సదువేంది పిన్నమ్మా, మానుకో" అనింది పక్కింటి రత్నమ్మ. ఆమెకిప్పుడు ఐదో నెల.

"మానుకుంటే నిన్నెవురు సూస్తారే?" అన్నా.

నిన్న ఆస్పత్రికి పోతే, పని సూడమని కాన్పు గదిలోకి రానిచ్చినారు. ఒకామె నొప్పులు పడతా ఉండాది. బిడ్డ సులువుగా బయటికి రావాలంటే కాన్పింట్లో ఏదీ మూసి గానీ ముడేసి గానీ ఉండకూడదని నువ్వు నేర్పినావు గదా, గోడకున్న తాళంసెవి తీసుకుని మందుల బీరువా తెరవబోయినా. నర్సమ్మ నా సెయ్యి పట్టుకుని, "ముందు సబ్బుతో సేతులు కడుక్కో" అనింది. కడుక్కున్నా. బీరువా జోలికి పోలేదు. నొప్పులు పడే ఆమె జడ మాత్రం ఇప్పినా. నర్సమ్మ సూసి, ఆ జుట్టు పక్కకు సర్దింది.

ఆస్పత్రిలో ఉండేదానికి ఈ పొద్దు మూట సర్దినా. ఎవురు ఏ జామున పిలుస్తారోనని నువ్వు ఎన్నడూ తాళమెయ్యని తలుపు గదా ఇది. దీనికని అంగట్లో కొత్త తాళం కొనుక్కొచ్చినా. రత్నమ్మ నొప్పులకి ముందే పట్టాతో వస్తా. వచ్చి తలుపు తీసి, ఆ తాళాన్ని బాయిలో పారేస్తా.

నీ కోడలు
మునెమ్మ