పావురం రంగు పేజీ

మార్చి 3, మంగళవారం

బ్లాగు కింద ఎవరో ఒకాయన కామెంటు పెట్టాడు. విషయం బాగుందట, పేజీ మాత్రం మందుల షాపు బిల్లులా ఉందట. పేరు లేదు, మొహం లేదు. మొహం లేనివాడి మాటకు మొహం మాడ్చుకోవడమేమిటమ్మా అని మావాడు నవ్వాడు. వాడికేం, రాసేది వాడు కాదుగా.

పొద్దున్నుంచి ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఆయన అన్నది అబద్ధమూ కాదు. కోడలు మొదట ఎలా పెట్టిచ్చిందో అలాగే ఉంది. తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు, పక్కన తేదీల పట్టీ.

నేను రాసేది రఫూ పని గురించి. డ్రైక్లీనింగ్ షాపు వెనకగదిలో కూర్చుని నా వయసంతా చిరిగిన కోట్లకూ శాలువాలకూ దారం అల్లాను, చిరుగు ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా. మోకాళ్లు మొరాయించాక మానేశాను. చేతులు ఖాళీ అయితే నా బుర్రలో భయాలు చేరతాయి. గ్యాస్ కట్టేశానా, తలుపు గడియ పడిందా, మావాడి బండి బ్రేకులు బాగున్నాయా. నా గోల పడలేక కోడలు ఈ బ్లాగు పెట్టింది. ప్రతి సోమవారం ఏదో ఒకటి రాస్తాను.

రాసేది లోకం కోసం కాదు. అక్క కోసం. అక్కకు చెవులు పూర్తిగా పోయాయి, ఫోను చదువుకోవడానికే గానీ మాటకు పనికిరాదు. ఉండేది కూతురి దగ్గర, పగలంతా రైల్లో కూర్చుంటే గానీ చేరం. నా మోకాళ్లకు అది అయ్యే పని కాదు. సోమవారం నేను రాస్తాను, సాయంత్రానికి అక్క కింద ఒక్క మాట పెడుతుంది. చూశా. అంతే. ఆ మాట పడిందంటే నాకు వారం గడిచినట్టే. పడని సోమవారం ఇంతవరకు లేదు.

అంటే ఇన్నాళ్లూ అక్కకు నేను మందుల బిల్లు చదివిస్తున్నానన్నమాట.

మార్చి 5, గురువారం

బ్లాగు అందంగా చెయ్యాలి. చేసి తీరాలి.

కోడలిని అడిగాను. థీమ్ మారిస్తే సరిపోతుంది, రెండు నిమిషాల పని అంది. మారిస్తే రాసిందంతా పోతుందేమోనన్నాను. చొక్కా మార్చుకుంటే మనిషి పోతాడా అత్తయ్యా అంది. పోడు, కానీ జేబులో ఉన్నవి పోతాయి. షాపులో ఎన్ని చూశానో.

మార్చి 8, ఆదివారం మధ్యాహ్నం

ఎంత హాయిగా ఉందో ఇవాళ. కోడలు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రంగుల డబ్బా తెరిచి చూపించింది. చిన్నచిన్న గళ్లు, గడికో రంగు. నా దారాల పెట్టె గుర్తుకొచ్చింది. ఆవిడకు ఆఫీసు నుంచి ఫోనొచ్చి వరండాలోకి వెళ్లింది. మౌస్ నా చేతికొచ్చింది.

తెలుపు మీద నలుపు చూస్తే ఒళ్లు మండింది. తెల్ల గుడ్డ మీద నల్ల దారంతో రఫూ చేసేవాళ్లను మా ఓనరు గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు. చేసిన పనిని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూసేవాడు. చిరుగు ఎక్కడో దొరికిందా, గుడ్డ మన మొహాన పడేది. దొరక్కపోతే ఒక చిన్న దగ్గు దగ్గేవాడు. అదే మెచ్చుకోలు.

అందుకే వెతికి వెతికి పావురం రంగు తీసుకున్నాను బ్యాక్‌గ్రౌండుకి. అక్షరాలకు అదే రంగులో ఒక్క ఛాయ ముదురు. దారం గుడ్డలో కలిసిపోవాలి కదా. ఫాంటు సన్నది పెట్టాను, రెండు పోగుల సిల్కు దారమంత సన్నది. కంటికి గుచ్చుకోకుండా, ఉందా లేదా అన్నట్టు ఉంది. ఇదీ పనంటే.

కోడలు ఫోను చెవిలోంచి తియ్యకుండానే ఒక చూపు చూసి, క్లాసీగా ఉందత్తయ్యా అంది. క్లాసీ.

సేవ్ నేనే నొక్కాను.

మార్చి 9, సోమవారం

మోచేతి దగ్గర చిరిగిన కోటు గురించి రాశాను. కొత్త పేజీ మీద మొదటి పోస్టు. అక్క ఏమంటుందో.

రాత్రి 8

ఇంకా ఏమీ అనలేదు.

మార్చి 11, బుధవారం

చూశా అన్న మాట రాలేదు.

మార్చి 13, శుక్రవారం ఉదయం

కూర చేస్తూ ఉప్పు రెండుసార్లు వేశాను. మావాడు కిక్కురుమనకుండా తిన్నాడు, అంటే నా మొహం ఎలా ఉందో.

బాత్రూంలో జారిపడిందేమో. ఆ ఇంట్లో నేల నున్నగా ఉంటుంది, అద్దంలా తుడుస్తారు. లేకపోతే అలిగిందేమో. పెద్దవాళ్లు సూదిలో దారం ఎక్కించడానికి నానా తంటాలు పడతారని పోస్టులో రాశాను. తననే అన్నాననుకుందేమో. నేను నన్నే అనుకున్నాను. ఎందుకు రాశానా మాట? నా నోరు మంచిది కాదు, ఇప్పుడు వేలు కూడా మంచిది కాకుండా పోయింది. లేకపోతే అసలు విషయం నాకు చెప్పకుండా దాస్తున్నారేమో. పెద్దది ఏదైనా జరిగితే నాకు అందరికంటే ఆఖరున చెబుతారు, నేను తట్టుకోలేనని. ఆఖరున చెబితే తట్టుకుంటానా?

అక్క కూతురికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. అత్తయ్యా, ఆవిడ డ్యూటీలో ఉంటుంది, మనం ఇలా చేస్తే ఇక్కడ ఎవరో పోయారనుకుంటుంది అని కోడలు ఫోను లాక్కుంది.

అదే రోజు సాయంత్రం

అక్క కూతురే చేసింది. ఏమైంది పిన్నీ, అన్ని మిస్డ్ కాల్సేంటి అంటూ ఆ పిల్లే గాభరా పడింది. అమ్మ బాగానే ఉందట. తింటోందట, నడుస్తోందట. కానీ సోమవారం నుంచి ఫోను ముట్టుకోవడం లేదట. దాన్ని తీసుకెళ్లి బట్టల అలమరలో పెట్టేసిందట. ఏమ్మా అంటే, చెల్లి రాయడం మానేసింది, ఉత్త గోడ పెట్టింది, ఇంక ఇదెందుకు నాకు అందట.

ఉత్త గోడ.

రాశాను కదే అన్నాను. అప్పుడు ఆ పిల్ల అసలు సంగతి చెప్పింది. అమ్మకు కళ్లలో మచ్చ వచ్చింది పిన్నీ. నడిమధ్యలో. మనిషిని చూస్తే మొహం ఉండాల్సిన చోట మసక, చెవులు మాత్రం కనబడతాయి. చదవాలంటే కోడిలా తల పక్కకు తిప్పి అంచుతో చూస్తుంది. ఇది బాగయ్యేది కాదని, మెల్లగా ఇంకా పెరుగుతుందని డాక్టరు చెప్పాడు. నీకు చెప్పొద్దని అమ్మ ఒట్టు పెట్టించుకుంది. దానికి చెబితే అది నిద్రపోదు, నాకు కళ్లే పోతాయి, దానికి ప్రాణం పోతుంది అంది.

చెవులు ముందే పోయాయి. ఇప్పుడు కళ్లు. మిగిలిన ఆ అంచుతో అక్క ప్రతి సోమవారం నన్ను చదువుతుంటే, నేను వెళ్లి అక్షరాలను గుడ్డలో కలిపేశాను. కనబడకుండా. ఓనరు చూసుంటే దగ్గేవాడు.

ఏడుద్దామని కూర్చున్నాను. రాలేదు. కోపం వచ్చింది.

మార్చి 14, శనివారం

పాత కళ్లద్దాలు తీసి రెండు అద్దాలకూ నడుమ వ్యాజిలీన్ పూశాను. పెట్టుకున్నాను. అక్కకు ఎలా కనబడుతుందో చూడకుండా అక్కకు ఏం చేస్తాను? కొలత తీసుకోకుండా గుడ్డ కోస్తామా?

వంటింటి గుమ్మం తగిలింది. కుర్చీ తగిలింది. కోడలికి తల లేదు, రెండు జుంకాలు గాల్లో ఊగుతున్నాయి. అత్తయ్యా ఇదేం వేషం, పడితే తుంటి విరుగుతుంది, ఆ తర్వాత మీకు నేను పోస్టులు పెట్టాలి అని కేకలేసింది. విషయం చెప్పాను. ఆఫీసు ఫోను స్విచాఫ్ చేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. అది నేను మరిచిపోను.

మొదట నా పావురం రంగు పేజీ చూశాను. అక్క చెప్పింది నిజం. గోడే.

తెలుపు మీద నలుపు పెట్టించాను. తెలుపు మరీ మెరిసి అక్షరాలను మింగేసింది. నీలం, ఆకుపచ్చ, ఎరుపు. లాభం లేదు. నలుపు మీద పసుపు పెట్టింది. తల పక్కకు తిప్పాను. వచ్చింది! మొదటి అక్షరం, దాని పక్కది. లావు ఫాంటు కావాలన్నాను. ఇంకా పెద్దది. ఇంకా. అత్తయ్యా, ఇది షాపు షట్టర్ మీద రాసినట్టుంది అంది. షట్టరే కానీ అన్నాను. తేదీల పట్టీ తీసెయ్యి. పేరు కింద ఉన్న పూల గీత తీసెయ్యి. వరుసల మధ్య ఎడం పెంచు, ఒక దాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. చూడ్డానికి ఘోరంగా ఉంది అత్తయ్యా, నిజం చెబుతున్నా అంది. నువ్వు చూడ్డానికి కాదులే అన్నాను. మాట కాస్త పెళుసుగా వచ్చింది. తర్వాత టీ పెట్టిచ్చాను.

నాకు ఈ పని అస్సలు చేత కాదు. నా చేతులకు దాచడమొక్కటే వచ్చు. ఇంత వయసులో తిరగేసి నేర్చుకోవాలి. నేర్చుకుంటాను.

మార్చి 16, సోమవారం

పోస్టు పెట్టాను. మొహం లేని ఆయన మళ్లీ వచ్చాడు. అమ్మా, మందుల బిల్లే నయం, కళ్లు పోతున్నాయి అని రాశాడు.

మీవి ఉన్నాయి కాబట్టి పోతున్నాయి నాయనా అని జవాబు పెట్టాను. తర్వాత భయమేసింది, కేసు పెడతాడేమోనని. ఇలాంటి వాటికి కేసులుండవని మావాడు ఒట్టేశాడు.

మార్చి 18, బుధవారం

అక్క అలమర తలుపు తియ్యలేదట. చెల్లి పేజీ మార్చింది, నీకోసం పెద్ద అక్షరాలు పెట్టింది అని కూతురు పలక మీద రాసి చూపిస్తే, ఓహో, గుడ్డిదాన్నని ఊరంతా చాటింపు వేశారా అని మంచం మీద అటు తిరిగి పడుకుందట. అక్క పౌరుషం నాకు తెలియనిదా. జాలి అన్న మాట వినబడితే అన్నం ముందు నుంచి కూడా లేచిపోతుంది.

జాలి కాకుండా ఇంకేదైనా పంపాలి. తిట్టడానికి వీలుగా ఏదైనా.

మార్చి 23, సోమవారం

నా నల్ల శాలువా తీసి కత్తెరతో కోశాను. మంచి శాలువా. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కోసిన చోట ఎర్ర దారంతో, లావు దారంతో, పోగు పోగూ లెక్కకు వచ్చేలా రఫూ చేశాను. నా జన్మలో చేసిన అతి చెత్త పని. చేస్తున్నంత సేపూ ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టు వీపు ముడుచుకుపోయింది.

ఫోటో తీసి తెర నిండా పెట్టాం. కింద పసుపు అక్షరాలతో ఒక్క వాక్యం రాశాను. అక్కా, ఇందులో ఎన్ని తప్పులున్నాయో చెప్పు.

అక్కకు రఫూ రాదు. తప్పులు పట్టడం మాత్రం పుట్టుకతో వచ్చింది.

అక్క కూతురికి ఫోన్ చేసి చెప్పాను. నువ్వేం చెప్పకు, చూపించకు. అలమరలోంచి ఫోను తీసి, నా పేజీ తెరిచి అన్నం బల్ల మీద నీళ్ల జగ్గుకు ఆనించి నీ పని నువ్వు చూసుకో. తెర ఆరిపోకుండా సెట్టింగు మార్చు. సరే పిన్నీ అంది. గొంతులో నవ్వు దాచుకుంది.

మార్చి 24, మంగళవారం

అక్క మధ్యాహ్నం అన్నానికి వచ్చి కూర్చుందట. జగ్గు వైపు చూడలేదట. కూర వడ్డించుకుందట. మెల్లగా తల పక్కకు తిరిగిందట. ముద్ద చేతిలోనే ఉండిపోయిందట. ఇదేం కుట్టు, దీని చేతులు పడిపోయాయా అని అరిచిందట. ఎడమ చేత్తో ఫోను లాక్కుని ముక్కుకు ఆనించుకుని చాలాసేపు టైపు కొట్టిందట, కూర చల్లారిపోయేదాకా.

సాయంత్రం కామెంటు చూసుకున్నాను.

ఎందుకే అంత అరుస్తున్నావు, వినబడుతోంది.

కోడలు గట్టిగా చదివింది. తనే ముందు ఏడ్చింది.

ఏప్రిల్ 20, సోమవారం

ఇప్పుడు వరుసకు మూడే మాటలు పడుతున్నాయి. మొదట్లో ఆరు పట్టేవి. మచ్చ పెరుగుతోంది, అక్షరమూ పెరుగుతోంది. నేను చెప్పాలనుకున్నది కత్తిరించుకుంటున్నాను. కత్తిరించగా తెలిసింది, నేను రాసేదాంట్లో సగం నా కంగారేనని. అక్క చదవనవసరం లేనిది.

మిగతా చదివేవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. వెళ్లనీ.

మే 11, సోమవారం

తెరకు రెండు మాటలు. అక్క చదవడానికి ఒక పూటంతా పడుతోందట. ఎంతసేపైనా కూతురిని చదివి చెప్పనివ్వదట. నా చెల్లి నాతో మాట్లాడుతుంటే మధ్యలో నువ్వెవరే అంటుందట.

నేను రైలెక్కుతానన్నాను. మోకాళ్ల సంగతి మోకాళ్లే చూసుకుంటాయి. మావాడు సెలవు అడిగాడు, ఇంకా ఇవ్వలేదు. అడుగుతూనే ఉండమన్నాను.

జూన్ 8, సోమవారం

ఇవాళ తెర నిండా ఒకే మాట.

తిన్నావా

సాయంత్రం కింద అక్క కొట్టింది.

తతతతిననననన

కోడలు సరిచెయ్యబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. తిన్నదట.