రొయ్యల పార్సిల్లో వచ్చిన చెవిపోగులు

ఇబ్రహీంపట్నం,
బుధవారం.

అన్నయ్యకి చెల్లెలు పద్మ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ బావగారూ, పాపా, అత్తయ్యగారూ, మావయ్యగారూ అందరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, వదినా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాలికి నూనె రాస్తోందా, లేక సీసా అలాగే అలమరలో దాచిందా?

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్లో ఫుట్‌బాల్ మాట ఎత్తగానే సిగ్నల్ లేదంటావు. బందరు మొత్తం మీద నీ ఒక్కడికే సిగ్నల్ ఉండదు. కాగితాన్నయితే కట్ చెయ్యలేవు.

నా ఒంటి సంగతి బెంగపడకు, బాగానే ఉన్నాను. పాపకి ఏడాది నిండాక మళ్ళీ బెంజ్ సర్కిల్ దగ్గరి కళ్ళజోళ్ళ షాపుకి వెళ్తున్నాను. పొద్దున్న బస్సులో నిలబడి వెళ్ళడం, సాయంత్రం నిలబడే రావడం. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. మన దగ్గర సాయంత్రమయ్యేసరికి కాస్త సముద్రపు గాలి తగులుతుంది కదా, ఇక్కడ ఆ టైముకి గోడలు కూడా కాలుతుంటాయి. చేప కొందామంటే ఐసులోంచి తీసి ఇస్తారు, కూర వండితే పీచు. ఆదివారాలు మన వీధి బాగా గుర్తొస్తుంది. అయినా బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. సోమవారం బస్సు కండక్టర్ నీ పార్సిల్ ఇచ్చాడు. విప్పితే ఎండు రొయ్యల మధ్య పాప చెవిపోగుల డబ్బీ. బంగారం కండక్టర్ చేతికిచ్చి పంపే మేనమామని నిన్నే చూశాను. పోగులు పంపావంటే వచ్చే నెల పాప చెవులు కుట్టించడానికి నువ్వు రానని చెప్పినట్టే కదా. నీ ఒళ్ళో కూర్చోవలసిన పిల్లని ఎవరి ఒళ్ళో కూర్చోబెట్టమంటావు? మన పెదనాన్నగారి అబ్బాయిని పిలుద్దామా అని అత్తయ్యగారు మెల్లగా అడిగారు. నాకు ఏడుపొచ్చింది. నువ్వు బతికుండగా ఇంకొకళ్ళా?

ఫైనల్లో మిమ్మల్ని ఓడించిన ఇక్కడి కాలేజీకి మావయ్యగారే ఆటల మాస్టారని తెలిసి కూడా నా ఇష్టం చూసి పెళ్ళికి ఒప్పుకున్నావు. పెళ్ళిలో పందిరి గుంజ దగ్గర నుంచి తాంబూలం దాకా నువ్వే చూశావు. కానీ వాళ్ళ గుమ్మం తొక్కనన్నావు, మూడేళ్ళయింది తొక్కలేదు. పదకొండేళ్ళ నాటి ఒక్క గోలు కోసం.

నాకు మాత్రం మంట లేదనుకున్నావా? మన కాలేజీ టీము గ్రౌండులోకి దిగగానే వాళ్ళ కుర్రాళ్ళంతా ఒక్కసారిగా జేబురుమాళ్ళు తీసి ముక్కులు మూసుకోవడం నాకు గుర్తుంది. చేపల వాళ్ళు వచ్చారని ఎగతాళి. ఆ రోజు నీకు గోల్‌కీపర్ గ్లవ్స్ తొడిగింది నేనే కదా. ఇప్పుడు ఇదే ఇంట్లో వంకాయలో ఎండు రొయ్యలు వేస్తే అందరూ మారు వడ్డించుకుంటారు. ఆ రుమాళ్ళన్నీ ఏమయ్యాయో మరి.

ఏమీ కాలేదని మొన్న ఆదివారం తెలిసింది. రెండు కాలేజీలకీ మ్యాచ్ ఉందని మావయ్యగారు మమ్మల్నందరినీ తీసుకెళ్ళారు. వాళ్ళ వైపు కుర్చీల్లోనే కూర్చున్నాను, ఏం చేస్తాను. మన పిల్లలు నీలం చొక్కాలతో దిగారు. వెంటనే చుట్టూ రుమాళ్ళు లేచాయి. పక్కకి చూస్తే మీ బావగారి చేతిలో కూడా రుమాలు, ముక్కు దగ్గర. పాత అలవాటట. బందరు పిల్లని పక్కన పెట్టుకుని, బందరు రక్తం ఉన్న పాపని ఒళ్ళో పెట్టుకుని! పాప నవ్వుతూ వాళ్ళ నాన్నని చూసి తనూ చిన్న చెయ్యి ముక్కు మీద పెట్టుకుంది.

నేను లేచి పాపని తీసుకుని అటు మనవాళ్ళ వైపు వెళ్ళి కూర్చున్నాను. మ్యాచ్ ఓడిపోయాం, అది వేరే సంగతి. ఆయన రెండు రోజులుగా సారీ చెబుతూనే ఉన్నారు. నేను పలకడం లేదు.

నిన్న సాయంత్రం కాఫీ ఇస్తుంటే మావయ్యగారు గ్లాసు పక్కన పెట్టి నన్ను కూర్చోమన్నారు. తర్వాత అన్నారు.

"ఆ రోజు బంతి గీత దాటలేదమ్మా. బారుకి కొట్టుకుని గీత మీద పడింది, మీ అన్నయ్య దాని మీద పడి పట్టేశాడు. నేను పోస్టు పక్కనే ఉన్నాను. మా పిల్లలు గోల్ అని అరుచుకుంటూ లోపలికి పరిగెత్తారు, రిఫరీ ఈల వేసేశాడు. నేను నోరు మెదపలేదు."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను. మొదటి ఏడాది సిగ్గేసింది, తర్వాత అలవాటైపోయింది అన్నారు. నిజం చెప్పారని సంతోషించాలో, ఇప్పుడా చెప్పేది అని గట్టిగా అడగాలో తెలియలేదు. నాకు ఇంకా కోపంగానే ఉంది. నీకు కోపం పోవాలని కూడా నేను రాయడం లేదు. కోపంతోనే రా, ఫరవాలేదు. వీళ్ళ ఇంట్లో కూర్చుని వీళ్ళనే నాలుగు తిట్టు, నేనూ తోడుంటాను. పిల్ల చెవులు మాత్రం నీ ఒళ్ళోనే కుట్టాలి.

వచ్చేటప్పుడు అమ్మ చేత మామిడికాయ పచ్చడి పెట్టించి తే. ఎండు రొయ్యలు కూడా ఇంకాస్త ఎక్కువ, వాసన రాకుండా కట్టొద్దు. వదినకీ అమ్మకీ నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. మీ అందరి దీవెనలు పాపకి కావాలి.

ఇంకొక్క మాట. షోకేసులో కొండపల్లి బొమ్మల పక్కన, ఆ ఏడాది ఫైనల్ గెలిచినందుకు మావయ్యగారికి ఇచ్చిన చిన్న కప్పు ఉంటుంది. నిన్న దాన్ని బయటికి తీసి, ఆయనే కడిగి, నువ్వు పంపిన చెవిపోగులు అందులో వేశారు. అత్తయ్యగారు లోపల పెట్టబోతే వద్దన్నారు. ఆ అబ్బాయే తియ్యాలి, కప్పు కూడా అతనిదే అన్నారు. ఇంకా టేబుల్ మీదే ఉంది.

ఇట్లు,
నీ చెల్లెలు
పద్మ